విశాఖలో మహిళా కళాకారులకు, రచయిత్రులకు సత్కార సభ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఎవరి కోసం?

విశాఖపట్నంలోనూ చుట్టుపక్కల జిల్లాలలోనూ సంగీతం, నాట్యం, రంగస్థలం, సాహిత్యం, సినిమా, జానపద కళలు, చేతిపనులు వంటి రంగాలలో స్త్రీలు సాధించినదాన్ని నలుగురి ముందుంచి గౌరవించాలనుకునే కళాశాలలు, సాహితీ సంఘాలు, ఉద్యోగుల సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాల నిర్వాహకుల కోసం వీటిని రాశాను. ఏటా ఇలాంటి సభలు చాలా జరుగుతున్నాయి. కానీ వీణ వాయించే ఆమెకూ, నవల రాసిన ఆమెకూ, నూలు వడికే ఆమెకూ ఒకే ప్రసంగం, ఒకే శాలువా, ఒకే జ్ఞాపిక అందుతున్నాయి. సభకు వచ్చినవారు ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె చేసిన పని గురించి అంతకుముందు తెలియని విషయం ఒక్కటైనా తెలుసుకుని వెళ్లాలి. ఆ మాత్రం జరగకపోతే ఆ సభ నిర్వాహకుల ఫొటోల కోసం జరిగినట్టే అవుతుంది. కింది సమాధానాలన్నిటికీ ఇదే ఆధారం.

సభ మార్చి 8నే జరపాలా?

అవసరం లేదు. అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు నగరంలో ఒకేసారి అనేక కార్యక్రమాలు జరుగుతాయి కాబట్టి మందిరాలు దొరకవు, పేరున్న కళాకారిణులు ఒకే సాయంత్రం మూడు వేదికలెక్కి దిగాల్సి వస్తుంది. పైగా మార్చి అంటే సాధారణంగా ఇంటర్మీడియట్, పదో తరగతి పరీక్షల కాలం. ఈ సభల వల్ల ఎక్కువ మేలు పొందవలసిన అమ్మాయిలూ వాళ్ల తల్లులూ ఆ రోజుల్లో ఇల్లు కదలరు.

కళకు దగ్గరగా ఉండే తేదీలు వేరే ఉన్నాయి. సరోజినీ నాయుడు జయంతి ఫిబ్రవరి 13న, పి.సుశీల గారి పుట్టినరోజు నవంబరు 13న వస్తాయి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు విశాఖలోనే 2018 సెప్టెంబరు 19న కన్నుమూశారు. ఆ రోజున సభ పెడితే మాట్లాడవలసిన విషయాన్ని తేదీయే నిర్ణయిస్తుంది. అయితే ఆరుబయట సభ పెట్టాలనుకుంటే అక్టోబరు, నవంబరు నెలలను ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను చూసినవారికి తుపానుల కాలం గురించి వేరే చెప్పనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల సాయంత్రాలు ఇక్కడ అన్ని విధాలా అనుకూలంగా ఉంటాయి.

విశాఖతో, ఉత్తరాంధ్రతో సంబంధమున్న మహిళల్లో ఎవరి గురించి చెప్పుకోవాలి?

ఈ ప్రశ్న అడిగే వారిలో చాలామంది ఒకటి రెండు సినిమా పేర్లతో ఆగిపోతారు. సినిమా పేర్లు కూడా చెప్పుకోవలసినవే. విజయనగరంలో 1935లో పుట్టిన పి.సుశీల అక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ నేపథ్య గాయని విభాగాన్ని 1968 సంవత్సరపు చిత్రాలతో ప్రారంభించినప్పుడు ఆ తొలి పురస్కారం అందుకున్నది ఆవిడే. మొత్తం ఐదుసార్లు ఆ గౌరవం పొందారు. 2016లో గిన్నిస్ వారు ఆవిడ పాడిన 17,695 పాటలను లెక్కలోకి తీసుకున్నారు. ఈ అంకె అందరూ చెప్పేదే. సభలో చెప్పవలసినది దానికి ముందున్న సంగతి. 1919లో ఒక సంస్థానం తన రాజధానిలో స్థాపించిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడిగా నడిచిన కళాశాల, ఒక ఆడపిల్లకు సినిమా వైపు వెళ్లకముందే శాస్త్రీయ సంగీతపు పునాదిని ఎలా అందించిందన్నది వినవలసిన కథ.

అదే సంగీత కళాశాలకు ఆచార్యత్వం వహించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కుమార్తె ద్వారం మంగతాయారు వయొలిన్ విద్వాంసురాలిగా పేరు తెచ్చుకున్నారు. తండ్రి పేరు తెలిసిన వారందరికీ ఆమె పేరు తెలియదు. సభలో ఇద్దరి వాయిద్యాన్నీ పక్కపక్కన వినిపించగలిగితే గంట ప్రసంగం కన్నా అది మేలు.

నాట్యంలో శోభా నాయుడు గారిని తలచుకోకుండా ఈ ప్రాంతంలో సభ పూర్తి కాదు. 1956లో అనకాపల్లిలో పుట్టిన ఆవిడ వెంపటి చినసత్యం గారి వద్ద కూచిపూడి నేర్చుకున్నారు. హైదరాబాదులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నడుపుతూ ఎంతోమంది శిష్యులను తయారుచేశారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 2020 అక్టోబరు 14న మరణించారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. కూచిపూడి చాలాకాలం మగవారి నాట్యం. సత్యభామ జడ వేసుకుని తెర ముందుకు వచ్చినది కూడా మగ నటుడే. ఆ సత్యభామ పాత్రనే శోభా నాయుడు తన పేరుతో ముడిపడేలా చేసుకున్నారంటే దాని వెనుక ఉన్నది నాట్య కౌశలం ఒక్కటే కాదు, ఒక సంప్రదాయం తన అలవాటును మార్చుకున్న చరిత్ర కూడా ఉంది.

సాహిత్యంలో ద్వివేదుల విశాలాక్షి గారు (1929–2014) విజయనగరంలో పుట్టి మధ్యతరగతి కుటుంబాల లోపలి జీవితాన్ని నవలలుగా రాశారు. అదే ఊరి చాగంటి తులసి గారు కథకురాలు, ఒడియా, హిందీ భాషల నుంచి తెలుగులోకి తెచ్చిన అనువాదకురాలు. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) కుమార్తె అనే పరిచయంతో మొదలుపెట్టి అక్కడే ఆపేసే వక్తలను ముందే సున్నితంగా హెచ్చరించడం మంచిది.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పామర్రులో 1918లో పుట్టారు. బాల్యవివాహం, చిన్నతనంలోనే వైధవ్యం, తర్వాత పునర్వివాహం, స్వాతంత్ర్యోద్యమం, కమ్యూనిస్టు ఉద్యమం, రహస్య జీవితం, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌ ఉద్యోగం, చివరికి విశాఖలో మనుమరాళ్ల దగ్గర వృద్ధాప్యం, ఇవన్నీ ఒక్క జీవితంలోనే గడిచాయి. ప్రజానాట్యమండలి వేదికల మీద పాడినవారు, నటించినవారు ఆవిడ. తన ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వెలువడేనాటికి తొంభై ఏళ్లు దాటాయి. ఒక రచయిత్రిని డెబ్బై ఏళ్లకే ‘విశ్రాంత’ అనే మాటతో పరిచయం చేసే మన అలవాటుకు ఈ ఒక్క పుస్తకం చాలు జవాబు.

ఇక వహీదా రెహ్మాన్. ఆవిడ చిన్నతనంలో విశాఖలో ఉండి ఇక్కడి సెయింట్ జోసెఫ్స్‌లో చదువుకున్నారు. 1955లో ఒక తెలుగు చిత్రంలోని నృత్యంతో తెరమీదికి వచ్చారు. 2021 సంవత్సరానికి గాను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని ఆవిడకు 2023లో ప్రకటించారు.

ఇక్కడ పుట్టనివారిని మనవాళ్లుగా చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, అయితే నిజం చెప్పి చెప్పుకోవాలి. వహీదా రెహ్మాన్ పుట్టింది తమిళనాడులోని చెంగల్పట్టులో. ‘విశాఖలో చదివారు’ అంటే చాలు, ‘విశాఖ ఆడపడుచు’ అని బ్యానరు మీద వేయనవసరం లేదు.

‘మొట్టమొదటి మహిళ’ అని రాసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆహ్వాన పత్రికల్లో అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు దొర్లేది ఈ మాట దగ్గరే. ఎక్కడ, ఎప్పుడు, ఏ భాషలో, ఏ విభాగంలో మొదటివారో వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు ఇల్లిందల సరస్వతీదేవి గారు 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న తొలి తెలుగు రచయిత్రి. అకాడమీ తెలుగుకు పురస్కారాలు ఇవ్వడం 1955లోనే మొదలుపెట్టింది. రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ ‘తొలి’ అనే గౌరవంలోనే ఒక ఆలస్యం కూడా కనబడుతుంది. తర్వాత మాలతీ చందూర్, అబ్బూరి ఛాయాదేవి, కాత్యాయనీ విద్మహే, ఓల్గా వంటివారు ఆ పురస్కారాన్ని అందుకున్నారు. విజయనిర్మల గారి విషయంలో ‘ప్రపంచంలో గొప్ప దర్శకురాలు’ వంటి మాటలు అక్కర్లేదు. అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా, 44 చిత్రాలతో, 2002లో గిన్నిస్‌కెక్కారన్న వాక్యమే ఎక్కువ బరువైనది.

మరో సంగతి. తొలి తెలుగు కథ ఏదన్న చర్చలో చాలాకాలం గురజాడ ‘దిద్దుబాటు’ (1910) ఒక్కటే వినబడేది. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయింది. గురజాడ మన ప్రాంతం మనిషి కాబట్టి ఈ మాట ఇక్కడ చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. అవసరం లేదు, గురజాడ స్థానం దీనివల్ల తగ్గదు. పైగా ఈ సభలు జరిపేవారందరికీ అచ్చమాంబ ఒక విధంగా పూర్వీకురాలు. 1905లో, ముప్పయ్యేళ్ల ప్రాయంలోనే చనిపోయేలోగా ఆవిడ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో భారతదేశపు స్త్రీల జీవిత చరిత్రలను వెదికి పట్టి తెలుగులో రాశారు. స్త్రీలు సాధించినదాన్ని పోగుచేసి చెప్పే పనిని తెలుగులో ఒక స్త్రీయే అంత ముందుగా చేసి పెట్టారు. ఆమె పుస్తకం నుంచి ఒక్క పేజీ చదివించి సభ మొదలుపెడితే ప్రార్థనాగీతం తర్వాత వచ్చే ఖాళీ నిమిషాలు కూడా సార్థకమవుతాయి.

కళావంతుల కళను ప్రస్తావించవచ్చా? కొందరు ఇబ్బందిపడతారేమో?

ప్రస్తావించకపోతే తెలుగు నాట్య, సంగీత చరిత్రలో సగం ఎగిరిపోతుంది. ఆలయాలలో, సంస్థానాలలో తరతరాలుగా పదాలనూ జావళీలనూ అభినయాన్నీ నిలబెట్టినది ఆ స్త్రీలే. దేవదాసీ వ్యవస్థలోని దోపిడీని అరికట్టడానికి మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. విశాఖ అప్పటికి ఆ రాష్ట్రంలోనిదే. ఆ చట్టం అవసరమైనదే. అయితే దానికి ముందూ వెనకా సాగిన ప్రచారంలో వ్యవస్థతో పాటు కళాకారిణులు కూడా అవమానాన్ని మోశారు. వారి కళను తర్వాతి కాలంలో ఇతర కుటుంబాల అమ్మాయిలు నేర్చుకుని గౌరవం పొందారు, నేర్పిన వారి పేర్లు మాత్రం కార్యక్రమ పత్రికల్లోకి రాలేదు.

దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ కథ ఇక్కడ చెప్పదగినది. 18వ శతాబ్దపు తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను, దానిలో స్త్రీ రాసిన శృంగారాన్ని తప్పుపట్టిన పెద్దలకు జవాబుగా ఆవిడ 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయించారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఆవిడే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి స్థలంలో తన సంపాదన పెట్టి మందిరం కట్టించారు. అక్కడ ఆరాధనలో స్త్రీలకు పాడే వీలు లేకపోతే స్త్రీలతోనే వేరుగా ఆరాధన జరిపించారు. ఏటా విశాఖలో త్యాగరాజ ఆరాధనలో పంచరత్న కీర్తనలు పాడే వందలాది గొంతుల్లో ఎక్కువ భాగం ఆడవారివే. వాళ్లందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలని నాకనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. బతికి ఉన్న కళాకారిణి గానీ, గతించినవారి కుటుంబం గానీ తమ వంశ నేపథ్యాన్ని వేదికపై చెప్పడానికి ఒప్పుకోకపోతే చెప్పకూడదు. చరిత్రను గ్రంథాల ఆధారంతో చెప్పవచ్చు, ఎదురుగా కూర్చున్న మనిషిని దానికి సాక్ష్యంగా నిలబెట్టకూడదు.

విడిగా పేరు లేని సమష్టి కళలను, చేతిపనులను ఎలా గౌరవించాలి?

ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పాలి. మన చుట్టుపక్కల స్త్రీలు చేసే కళలో ఎక్కువ భాగానికి కింద సంతకం ఉండదు.

అరకు ప్రాంతపు థింసాను తీసుకోండి. ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు కలిపి, వలయంగా, పాము మెలికల్లా సాగే ఆ నాట్యంలో స్త్రీలదే ప్రధాన పాత్ర. తుడుము, డప్పు, కిరిడి, మోరి వంటి వాద్యాలు వెంట నడుస్తాయి. విశాఖలో ఏ పెద్ద అతిథి వచ్చినా థింసా బృందాన్ని పిలిపించి స్వాగతం చెప్పించడం ఆనవాయితీ అయింది. అతిథిగారు నాలుగు అడుగులు కలుపుతారు, కెమెరాలు మెరుస్తాయి, మర్నాడు పత్రికలో ఆయన పేరు ఉంటుంది, బృందంలో ఒక్కరి పేరూ ఉండదు. మహిళా కళాకారుల సభలో కూడా ఇలాగే చేస్తే అంతకన్నా విడ్డూరం లేదు. బృందంలోని ప్రతి స్త్రీ పేరూ, ఊరి పేరూ ఆహ్వాన పత్రికలో అచ్చు వేయండి. ఘాట్ రోడ్డు మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చినవారిని సభ ప్రారంభంలో ఆడించి, బయట భోజనం పొట్లాలు ఇచ్చి పంపేయకుండా, మిగతా అతిథులతో పాటు ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆ రాత్రికి నగరంలోనే బస ఏర్పాటు చేయండి. థింసాలో ఎన్ని రకాలున్నాయో, ఏ పండుగకు ఏది ఆడతారో వారిచేతనే చెప్పించండి. తెలుగు మాట్లాడడం ఇబ్బందైతే వారి భాషలోనే చెప్పి, ఒకరు తెలుగులో అందుకోవచ్చు.

పొందూరు ఖద్దరు మరో ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడ ముల్లుతో దువ్వి శుభ్రం చేసి, ఏకి, చిలపలుగా చుట్టి, రాట్నం మీద సన్నని నూలుగా వడికేది స్త్రీలు. గుడ్డ సన్నదనమంతా ఆ నూలులో ఉంది. కొనేవారు మాత్రం మగ్గాన్నే తలచుకుంటారు. సభకు పొందూరు శాలువా కొనేవారు చాలామందే ఉన్నారు. ఆ శాలువా నూలు వడికినామెను అదే వేదిక మీదికి పిలిచినవారు ఎందరో ఆలోచించండి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో, మొక్కల నుంచి తీసిన రంగులతో బొమ్మలు చేస్తారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి పనిలో ఉన్న ఆడవారిని పిలిచేటప్పుడు సభలో చిన్న లేతు యంత్రం పెట్టి పని చూపించమని అడగవచ్చు, కానీ దానికి వేరే రుసుము చెల్లించాలి. బొమ్మలు జ్ఞాపికలుగా కొంటే చేసినవారి దగ్గరే, బేరమాడకుండా కొనాలి.

కుట్టుపని, అల్లికలు, ముగ్గులు కూడా కళలేనా అని కొందరు అడుగుతుంటారు. కళలే. అయితే ముగ్గుల పోటీ పెట్టి మిక్సీ బహుమతిగా ఇచ్చి దాన్ని కళాకారిణి సత్కారమని పిలవడం సరికాదు. చుక్కల లెక్కను తలలో పెట్టుకుని కాగితం లేకుండా పెద్ద మెలికల ముగ్గు వేయగల వృద్ధురాలిని పిలిచి, ఆ లెక్కను ఆమె చేత విడమరిచి చెప్పించి రికార్డు చేస్తే అది సత్కారం.

శాలువా, జ్ఞాపిక సరిపోవా? పారితోషికం ఇవ్వాలా?

ఇవ్వాలి. మైకు వారికీ, పూల వారికీ, వంట వారికీ డబ్బు చెల్లించి, పాడిన ఆమెకు మాత్రం శాలువా కప్పడం మన సభల్లో మామూలైపోయింది. ‘మీ కళను డబ్బుతో కొలవలేం’ అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ మాట అన్నవారు ఆమె ఆటో ఖర్చు కూడా అడగరు. ప్రదర్శన ఇస్తున్న వారికి, పక్కవాద్యాల వారికి పారితోషికం ఎంతో ముందే చెప్పి, ప్రదర్శన రోజునే చెల్లించడం మర్యాద. బడ్జెటు తక్కువైతే పదిమందిని పిలవడం మాని ముగ్గురిని పిలవండి. జ్ఞాపికల విషయంలో నా సలహా క్లుప్తం: గాజు పలకలు వద్దు.

ప్రశంసాపత్రం ఎలా రాయాలి?

‘గృహిణిగా అన్ని బాధ్యతలూ నిర్వర్తిస్తూనే, ఓర్పుకు మారుపేరుగా నిలిచి, కళామతల్లికి విశేష సేవలందించిన’ అనే వాక్యం మీకు పరిచయమే. పేరు మార్చి ఎవరికైనా చదివేయవచ్చు, చదివేస్తున్నారు కూడా. ఒక మృదంగ విద్వాంసుణ్ణి సత్కరించేటప్పుడు ఆయన ఇంట్లో వంట ఎవరు చేస్తారో ఎవరూ ప్రస్తావించరు. ఆమె విషయంలో కూడా ప్రస్తావించనవసరం లేదు, ఆమే ఆ కష్టాన్ని తన నోటితో చెప్పుకోదలిస్తే తప్ప.

మంచి ప్రశంసాపత్రంలో నాలుగు సంగతులు ఉండాలి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏమి చేశారు, అంతకుముందు లేనిది ఏమి తెచ్చారు, ఎవరికి నేర్పారు. ఉదాహరణకు వింజమూరి అనసూయాదేవి గారి గురించి రాయవలసి వస్తే బిరుదులతో నింపేయకుండా, చెల్లెలు సీతాదేవితో కలిసి పల్లెల్లో పాడుకునే పాటలను సేకరించి, స్వరపరిచి, కచేరీ వేదిక మీదికి తెచ్చారని, ‘జయ జయ జయ ప్రియభారత’ గీతానికి బాణీ కట్టింది ఆవిడేనని రాస్తే సరిపోతుంది. ఆ పాటను బళ్లో పాడుకున్న ప్రతి ఒక్కరూ తల ఎత్తి చూస్తారు.

పత్రం మొదటి ప్రతిని కళాకారిణికి చూపించి, తప్పులు సరిచేయించుకున్నాకే అచ్చుకు ఇవ్వండి. ఇంటిపేరు పుట్టింటిదో, అత్తింటిదో, ఏది వేయాలన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

వేదికపై పురుషులు ఉండవచ్చా?

ఉండవచ్చు. వెంపటి చినసత్యం గురించి మాట్లాడకుండా శోభా నాయుడు నాట్యం గురించి మాట్లాడలేం. అయితే వేదిక మీద తొమ్మిది కుర్చీలుండి, ఎనిమిదింటిలో ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు కూర్చుని, సన్మానం పొందే స్త్రీ చివరి కుర్చీలో రెండు గంటలు నిరీక్షించే ఏర్పాటు మాత్రం వద్దు. ముందు ఆమె మాట్లాడాలి, తర్వాతే మిగతావారు.

మందిరం ఎంపికలో ఏమి చూడాలి?

సంగీత, నాట్య కార్యక్రమాలకు పిఠాపురం కాలనీలోని కళాభారతి, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం నగరవాసులకు బాగా అలవాటైనవి. సాహిత్య సభకు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం వంటి చోటు చాలు, పెద్ద మందిరంలో నలభైమంది చెల్లాచెదురుగా కూర్చోవడం కన్నా అది హాయి. ఎక్కడైనా సరే, మూడింటిని స్వయంగా వెళ్లి చూడండి. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల కళాకారిణి వేదిక ఎక్కే మెట్లకు చేతిపట్టు ఉందా, ఆడవారు దుస్తులు మార్చుకునే గదికి గడియ, నీళ్లు ఉన్నాయా, సభ ముగిసే వేళకు గాజువాక, పెందుర్తి వైపు వెళ్లే బస్సులు ఉంటాయా. మూడోదానికి జవాబు ‘లేదు’ అయితే సభను నాలుగు గంటలకే మొదలుపెట్టండి, లేకపోతే వచ్చిన ఆడవారు ప్రధాన ప్రదర్శన జరుగుతుండగానే లేచి వెళ్లిపోతారు.

సభలో పాటలు వేయడానికి, రచనలు చదవడానికి అనుమతి కావాలా?

మన దేశంలో కాపీరైటు చట్టం ప్రకారం రచనలపై హక్కు రచయిత జీవితకాలమూ, మరణం తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. అచ్చమాంబ రచనలను ఎవరైనా చదవవచ్చు, నాటకంగా వేయవచ్చు, తిరిగి అచ్చువేయవచ్చు. ఇటీవలి రచయిత్రుల విషయంలో వారినో, వారసులనో, ప్రచురణకర్తలనో అడగాలి. సౌండ్ రికార్డింగుకు విడుదలైన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. రికార్డింగు గడువు తీరినా అందులోని పాటకు, బాణీకి హక్కు మిగిలి ఉండవచ్చు. బహిరంగ సభలో సినిమా పాటలు వినిపించాలంటే లైసెన్సు గురించి ముందుగానే విచారించుకోవడం క్షేమం. నేరుగా ప్రసారం చేస్తే ధ్వని ఆగిపోయే సంఘటనలకు కారణం ఎక్కువగా ఇదే.

సభ తర్వాత ఏమి మిగలాలి?

ఒక రికార్డింగు మిగలాలి. సభలోది కాదు, అంతకు ముందో తర్వాతో ఆమె ఇంట్లో, తీరికగా, ఫ్యాను ఆపి చేసిన సంభాషణ. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్న వివరాలను రాసి పెట్టాలి. పాత ఫొటోలను, కరపత్రాలను, చేతిరాత ప్రతులను స్కాన్ చేసి అసలువి అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. ఆమె సంతకంతో అనుమతిపత్రం తీసుకుని, ఒక ప్రతిని కుటుంబానికి, మరొకటి ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వాలి. 1940లలో మోటూరి ఉదయం నాయకత్వంలో ఆడవారే బుర్రకథ దళంగా ఏర్పడి ఊరూరా తిరిగారని మనం చదువుతాం. వారి కథాగానం ఎలా వినిపించేదో నేటి విద్యార్థికి వినిపించడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ పని ఎందుకో అర్థమవుతుంది.

తెలుగు వికీపీడియాలో ఆమె పేరుతో వ్యాసం ఉండాలనుకుంటే స్వతంత్రమైన, ప్రచురితమైన ఆధారాలు కావాలి. మీ సభ కరపత్రం ఆధారం కాదు. పత్రికల పాత సంచికలను వెతికి పట్టడం ఓపికున్న విద్యార్థులకు మంచి ప్రాజెక్టు.

ప్రభుత్వ పురస్కారాలకు ఎవరినైనా ప్రతిపాదించవచ్చా?

పద్మ పురస్కారాలకు దేశ పౌరులెవరైనా ఆన్‌లైన్‌లో ప్రతిపాదన పంపవచ్చు, తమను తామే ప్రతిపాదించుకోవచ్చు కూడా. గడువు తేదీలను ఏటా ప్రకటిస్తారు. వివరణ 800 పదాలకు మించకూడదు కాబట్టి పైన చెప్పిన నాలుగు సంగతులు ఇక్కడ మరింత అవసరం. మన రాష్ట్రం నుంచి 2024లో పద్మశ్రీకి ఎంపికైన హరికథా కళాకారిణి డి.ఉమామహేశ్వరి సంస్కృతంలో కూడా హరికథలు చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు నడయాడిన ఈ ప్రాంతంలో ఆవిడ గురించి ఇంకా ఎక్కువ తెలిసి ఉండవలసింది. యువతుల కోసమైతే సంగీత నాటక అకాడమీ 40 ఏళ్ల లోపువారికి ఇచ్చే బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం, సాహిత్య అకాడమీ 35 ఏళ్ల లోపువారికి ఇచ్చే యువ పురస్కారం ఉన్నాయి.

సత్కారం వద్దని ఆమె అంటే?

ఒప్పుకోవాలి. 2013లో పద్మభూషణ్ ప్రకటించినప్పుడు గాయని ఎస్.జానకి గారు అది ఆలస్యంగా వచ్చిందంటూ, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు దక్కడం లేదంటూ తీసుకోవడానికి నిరాకరించారు. వద్దనడానికి కారణం చెప్పవలసిన బాధ్యత కళాకారిణికి లేదు, చెబితే దాన్ని సభలో చర్చించే హక్కు మనకు లేదు. ఆమె ఇంటికి పెద్దవారిని పంపి ఒప్పించే ప్రయత్నాలు చేయకండి. అందుకే అంగీకారం అందిన తర్వాతే పేరు ప్రకటించాలి. ఆహ్వాన పత్రిక అప్పటికే అచ్చుకు వెళ్లి ఉంటే దాన్ని ఆపించి, ఆ ఖర్చు నిర్వాహకులే భరించాలి.